ధర గోడ మీద ఉండాలి

2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో ఎం.ఎఫ్. హుస్సేన్ వేసిన ‘గ్రామ్ యాత్ర’ బొమ్మ దాదాపు 118 కోట్ల రూపాయలకు పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో చిత్రకారుడు వి.ఎస్. గైతోండే కాన్వాసు ఒకటి 67 కోట్లు పలికింది. రెండు వార్తలూ మన పేపర్లలో వచ్చాయి, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. ఆ డబ్బుకి భోగాపురం దగ్గర ఎన్నెకరాలు వస్తాయన్న లెక్క కూడా మా గ్రూపులో ఎవరో వేసి పెట్టారు. అంటే బొమ్మల ధరల్లో ఒక చివర మనకి బాగానే తెలుసు. రెండో చివరా తెలుసు: బట్టల కొట్టువాడు ఇచ్చే క్యాలెండరు, దానికి పైసా ఇవ్వక్కర్లేదు. ఈ రెండింటి మధ్యా ఏముంది? మంచి జీతాలు తెచ్చుకుంటున్నవాళ్లని, సొంత ఫ్లాట్లు ఉన్నవాళ్లని విశాఖపట్నంలో ఓ పదిమందిని అడిగి చూడండి. చేయి తిరిగిన చిత్రకారుడు వేసిన చిన్న బొమ్మ ఎంతుంటుందంటే వెయ్యి నుంచి పది లక్షల దాకా ఏదైనా చెప్తారు.

ఇది వాళ్ల తప్పు కాదని నా అభిప్రాయం. ఆ మధ్యలో ఉన్నదాన్ని అమ్మేవాళ్లే కనబడనివ్వడం లేదు. అమ్మకానికి పెట్టిన బొమ్మ పక్కన దాని ధర రాసి ఉండాలి. వాదన ఇంతే. వినడానికి ఇందులో వాదించడానికేముంది అనిపిస్తుంది. ఈ మధ్య ఒక సాయంత్రం వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో ఒక ప్రైవేటు గ్యాలరీకి వెళ్లొచ్చాక, వాదించాల్సింది చాలానే ఉందని తెలిసింది.

డ్రాయరులో కాగితం

నాతో మా వదిన వచ్చింది. అనకాపల్లిలో టీచరుగా చేసి రిటైరైంది. గేటు దగ్గర వాచ్‌మన్ “ఎవర్ని కలవాలమ్మా?” అన్నాడు. బొమ్మలు చూడ్డానికి వచ్చామంటే “చూడ్డానికేనా?” అని కాసేపు తటపటాయించి గేటు తీశాడు. లోపలికి రావడానికి టికెట్టు లేదని, ఎవరైనా రావచ్చని ఎక్కడా బోర్డు లేదు.

కింద ఒక ప్రదర్శన, మేడ మీద ఇంకొకటి. కిందివి మన ఆంధ్రా యూనివర్సిటీలోనే ఫైన్ ఆర్ట్స్ చదివిన ఒక అమ్మాయి చేసిన ఎచింగులు, అంటే రేకు మీద గీసి కాగితం మీదికి అచ్చు తీసే బొమ్మలు. అన్నీ చిన్నవి, కొన్నయితే పోస్టుకార్డుకి కాస్త పెద్దవి. పోర్టు క్రేన్లు, వాటి నీడలో వల బాగుచేసుకుంటున్న ముసలాయన, గూడ్సు బండి వెళ్లేదాకా గేటు దగ్గర ఆగిన సైకిళ్లు. మేడ మీద హైదరాబాద్ నుంచి వచ్చిన పేరున్న చిత్రకారుడి కాన్వాసులు. అక్కడ మనుషులు లేరు, వస్తువులు లేవు, నీలం మీద నీలం. ఒక్కోటి గోడంత ఉంది. ప్రతి బొమ్మ పక్కనా చిన్న కార్డు మీద పేరు, మాధ్యమం, కొలత, సంవత్సరం, అన్నీ ఇంగ్లీషులోనే. గోడ మీద పెద్ద కాగితంలో చిత్రకారుడి గురించి రాసింది మా వదిన రెండుసార్లు చదివి “ఇది ఎవరికి రాశారమ్మా?” అంది. నాకూ తెలియలేదు.

వల బాగుచేసే ముసలాయన దగ్గర ఆవిడ ఆగిపోయింది. దగ్గరికెళ్లి చూసింది, దూరం జరిగి చూసింది, కళ్లజోడు తీసి చూసింది. తర్వాత నా చెవిలో “ఎంతుంటుందంటావు?” అంది. అడుగుదాం అన్నాను. “వద్దమ్మా, అడిగితే కొనాలేమో.” చీరల కొట్టులో కుర్రాడిచేత అలమారంతా దింపించి, “మళ్లీ వస్తాం బాబూ” అని నిమ్మళంగా లేచి వచ్చేసే మనిషి ఈవిడ. ఇక్కడ నోరు పెగల్లేదు.

నేనే వెళ్లి అడిగాను. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి చాలా మర్యాదగా “ఏ వర్క్ మేడమ్?” అని డ్రాయరు తీసింది. ప్లాస్టిక్ ఫోల్డరులోంచి ఒక కాగితం తీసి, మేం అడిగిన వరుస మీద వేలు పెట్టి, మిగతావి కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి చూపించింది. ఫ్రేము లేకుండా ఎనిమిది వేలు.

“ఎనిమిది వేలేనా!” అంది వదిన. ఆ “ఏ” అన్న అక్షరం గురించే ఈ పోస్టు రాస్తున్నాననుకోవచ్చు. ఆవిడ లక్ష అనుకుంది. లక్ష అనుకుని, మనకెందుకులే అని, అప్పటికే మనసులో బయటికి వచ్చేసింది. ఎనిమిది వేలని తెలిశాక మళ్లీ వెళ్లి ఆ బొమ్మ ముందు నిలబడింది. ఈసారి చూపు వేరు. అది తన హాల్లో ఎక్కడ పడుతుందో చూసుకుంటున్న చూపు. ఆ రోజు కొనలేదు, అది వేరే సంగతి.

నేను ఊరికే అడిగాను కాబట్టి తెలిసింది. అడగకుండా తిరిగి వెళ్లిపోయినవాళ్లు ఆ గంటలోనే కొందరు కనబడ్డారు. స్టీల్ ప్లాంటు యూనిఫాం చొక్కా మీదే వచ్చిన ఒకాయన, భార్య, స్కూలు పిల్ల. పిల్ల సైకిళ్ల బొమ్మ దగ్గర నుంచి కదలనంటోంది. ఆయన కార్డు వైపు వంగి ఏదో వెతికాడు, దొరకలేదు, బల్ల వైపు ఒకసారి చూశాడు, పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆయన కొనేవాడని నేను అనడం లేదు. కొనగలడో లేదో తేల్చుకునే అవకాశం ఆయనకి దక్కలేదు, అంతవరకే నాకు తెలుసు.

“దుకాణంలా ఉంటుందండీ”

వెళ్లేముందు యజమాని కనబడ్డారు. మంచి మనిషి, ఈ ఊళ్లో గ్యాలరీ నడపడమంటే నష్టాలకి సిద్ధపడి దిగడమేనని తెలిసీ దిగినాయన. ధరలు గోడ మీద ఎందుకు పెట్టరని అడిగాను.

“పెడితే దుకాణంలా ఉంటుందండీ.”

“దుకాణమే కదండీ?”

నవ్వారు. కానీ ఆ మాట తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. ఆయన చెప్పినది ఇది: ధర కార్డు మీద ఉంటే జనం కళ్లు ముందు కార్డు మీదికే పోతాయి. నాలుగు లక్షలని చూశాక బొమ్మని చూడరు, నాలుగు లక్షల్ని చూస్తారు. “దీనికా నాలుగు లక్షలు, మా బుజ్జిగాడు కూడా వేస్తాడు” అనేసి, ఫోటో తీసి, స్టేటస్‌లో పెట్టేసి పోతారు. అది నిజంగా జరుగుతుంది. జరగడం నేనూ చూశాను.

ఆయన చెప్పని కారణం ఇంకొకటి ఉంది. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లని ఎవర్ని అడిగినా కాసేపటికి ఒప్పుకుంటారు. బొమ్మల ధర పెరగాలే గానీ తగ్గకూడదు. ఒక చిత్రకారుడి పని ఈ ఏడాది రెండు లక్షలని చెప్పి, వచ్చే ఏడాది లక్షన్నర అంటే, ముందు కొన్నవాళ్లు ఊరుకోరు. కానీ వ్యాపారం వ్యాపారమే, అమ్మకం కాకపోతే పాత ఖాతాదారుకి పది శాతమో పదిహేను శాతమో తగ్గించాలి. ఆ తగ్గింపు గుట్టుగా జరగాలంటే అసలు ధర గుట్టుగా ఉండాలి. మీకు చెప్పిన ధర, నాకు చెప్పిన ధర ఒకటి కాకపోయినా ఇద్దరికీ తెలియకూడదు. డ్రాయరు అవసరం అక్కడ వస్తుంది.

చట్టం ఏమంటుందో చూద్దామనుకున్నాను. మన ఎమ్మార్పీ నిబంధన ప్యాకెట్లో పెట్టి అమ్మే సరుకుకి. మేకుకి వేలాడుతున్న కాన్వాసుకి అది వర్తించదు. న్యూయార్క్ నగరంలో మాత్రం అమ్మకానికి పెట్టిన వస్తువుకి ధర కనబడేలా ఉంచాలన్న నియమం గ్యాలరీలకీ వర్తిస్తుందని 1988లో నగర అధికారులు పట్టుబట్టారు. గ్యాలరీలవాళ్లు అప్పుడూ ఇదే అన్నారు, కళ దుకాణమైపోతుందని. న్యూయార్క్‌లో గ్యాలరీలు మూతపడలేదు. అయితే అక్కడా చాలాచోట్ల గోడ మీద కాకుండా బల్ల మీద జాబితా పెట్టి సరిపెడుతుంటారు, అది కూడా చెప్పాలి.

ఎనిమిది వేలు ఎవరికి ఎంత

ధర దాచినంతకాలం దాని వెనకాల లెక్క గురించి మాట్లాడుకునే అవకాశమే ఉండదు. మేడ మీది కాన్వాసుల సంగతి తీసుకోండి. ఒకే చిత్రకారుడి పనులకి చాలా గ్యాలరీలు కొలతని బట్టి ధర కడతాయి. పొడవూ వెడల్పూ అంగుళాల్లో హెచ్చవేసి, అతనికున్న పేరుని బట్టి చదరపు అంగుళానికి ఒక రేటు. ఆరడుగులు బై అయిదడుగులంటే 4,320 చదరపు అంగుళాలు. అంగుళానికి వంద చొప్పున నాలుగు లక్షల 32 వేలు. ఇది తెలిశాక మా వదిన “అయితే మూలన ఉన్న ఆ చిన్నది బాగా వేసినా తక్కువేనా?” అంది. అవును, తక్కువే. బాగా వేశాడా లేదా అన్నది ఆ లెక్కలో లేదు. నాకు ఈ పద్ధతి వింతగానే ఉంటుంది, కానీ ఉన్నది ఇదని తెలిస్తే కదా వింత అనడానికి కుదిరేది.

కింద ఎచింగుల దగ్గర ఒక పెద్దాయన “అంటే ప్రింటా? మరి ఒరిజినల్ ఎవరి దగ్గరుంది?” అని అడుగుతున్నారు. బొమ్మ కింద పెన్సిలుతో 3/10 అని రాసుంది, పదిలో మూడో కాపీ అని. పది కాపీలు తీసినదానికి ఎనిమిది వేలేమిటని ఆయన సందేహం. న్యాయమైన సందేహం. కానీ అది కంప్యూటరు ప్రింటు కాదు. జింకు రేకు మీద మైనంలాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచితే గీత పడినచోట యాసిడ్ రేకుని తింటుంది. ఆ గాట్లలో సిరా కూరి, పైన అంటినది గుడ్డతో తుడిచి, తడిపిన కాగితం పరిచి, ప్రెస్సు రోలరు కింద లాగాలి. ఒక్క కాపీ. రెండోదానికి మళ్లీ సిరా, మళ్లీ తుడుపు. చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే మచ్చ. పది కాపీలకీ ఆ పదింటి పనీ ఉంది. పదీ ఒరిజినలే. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ పేరు తెలిసినవాళ్లలో కూడా చాలామందికి ఆయన ఎచింగులు ఇలాగే పుట్టాయని తెలియదు.

ఇప్పుడు ఎనిమిది వేలు. గ్యాలరీల కమిషన్ సాధారణంగా మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. ఇక్కడ నలభై శాతమని ఎచింగులు చేసిన అమ్మాయే చెప్పింది. అంటే ఆమె చేతికి 4,800. పది కాపీలూ అమ్ముడైతే, అవుతాయన్న నమ్మకమేమీ లేదు, 48 వేలు. అందులోంచే రేకు, సిరా, బయటి నుంచి తెప్పించుకునే మందపాటి కాగితం, ప్రెస్సు వాడుకున్నందుకు ఇచ్చేది. నెలల పని. కమిషన్ ఎక్కువని నేను గ్యాలరీని తిట్టబోవడం లేదు. అద్దె, ఏసీ, లైట్లు, ప్రారంభోత్సవం నాటి టీ సమోసాలు, అమ్ముడుపోని నెలలు, అన్నీ ఆ నలభై శాతంలోంచే రావాలి. పైన పన్ను. చేతితో వేసిన చిత్రాల మీదా, ఇలాంటి ఒరిజినల్ ప్రింట్ల మీదా జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి పన్నెండు శాతం నుంచి అయిదుకి తగ్గింది. ఎనిమిది వేల మీద నాలుగొందలు. పన్ను తగ్గిన సంగతి ఏ గోడ మీదా లేదు. ధరే లేనప్పుడు తగ్గిన పన్ను ఎక్కడ రాస్తారు?

ఇంకో ఖర్చు మన ఊరి గాలి పెడుతుంది. వెనకాల మామూలు అట్ట పెట్టి, అద్దానికి కాగితం ఆనించి ఫ్రేము కట్టించుకుంటే, రెండు వానాకాలాల్లో బొమ్మ మీద గోధుమరంగు మచ్చలొస్తాయి. యాసిడ్ లేని అట్ట వాడాలి, అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ ఉండాలి, సముద్రం వైపు బయటి గోడకి తగిలించకూడదు. ధర పక్కన ఈ నాలుగు ముక్కలు కూడా రాసి పెడితే ఎంత బాగుంటుంది! ఎనిమిది వేలు పెట్టి కొన్నవాళ్లు బొమ్మ పాడైతే రెండోది కొనరు.

చట్టంలో ఒక వింత కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1957 కాపీరైట్ చట్టంలో 53ఎ అని ఒక సెక్షన్ ఉంది. కొన్నవాడు బొమ్మని మళ్లీ పదివేలు దాటిన ధరకి అమ్మితే, అందులో చిత్రకారుడికి గానీ వారసులకి గానీ వాటా ఉంటుంది. అది పది శాతానికి మించకూడదు. కాగితం మీద గొప్ప హక్కు. కానీ మొదటి ధరే డ్రాయరులో ఉండి, రెండో అమ్మకం ఫోన్లో జరిగిపోతే, వాటా అడగాలని ఆ చిత్రకారుడికి తెలిసేదెలా?

బొమ్మ ఊరికే వచ్చిన ఇళ్లు

తప్పంతా గ్యాలరీల మీద తోసెయ్యడం నాకిష్టం లేదు. మన వైపు నుంచీ ఒక అలవాటు ఉంది. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు చందమామ, యువ పత్రికలతో మన ఇళ్లకి వచ్చాయి. మా వదిన వాళ్లింట్లో యువ ముఖచిత్రాలు రెండు ఇప్పటికీ ఫ్రేముల్లో ఉన్నాయి. పెళ్లికి ముందు తను కత్తిరించి దాచుకున్నవి. బాపు బొమ్మలూ అంతే, కథతోపాటు వచ్చాయి. పత్రికకి డబ్బిచ్చాం, బొమ్మకి విడిగా ఇవ్వలేదు. అంత గొప్ప బొమ్మలు అంత చవగ్గా అంతమందికి దొరకడం మన అదృష్టం. దాని వల్లే బొమ్మకంటూ ఒక ధర ఉంటుందన్న ఊహ మనకి అలవడలేదేమో కూడా.

ఇంకో పక్క చూడండి. మన యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన వి. రమేష్ కాన్వాసులు, జి. రవీందర్ రెడ్డి చేసిన ఆ పెద్ద పెద్ద బంగారు రంగు స్త్రీ ముఖాలు ఢిల్లీ ముంబైలే కాదు, దేశం దాటి కూడా వెళ్లాయి. ఇద్దరూ ఈ ఊళ్లోనే ఉండి పనిచేసినవాళ్లు. తయారీ ఇక్కడ, అమ్మకం అక్కడ. కాబట్టి ఆ ధరలు మన చెవిన పడే అవకాశం తక్కువ. బీచ్ రోడ్డులో హవామహల్లోనో ఇంకెక్కడో పెట్టే ప్రదర్శనలకి వెళ్తాం, “చాలా బాగుందండీ” అని పుస్తకంలో సంతకం పెట్టి వచ్చేస్తాం. ఆ సంతకాలు పుస్తకం నిండా ఉంటాయి. అమ్ముడైనట్టు పెట్టే ఎర్ర చుక్కలు మాత్రం ఒకటో రెండో, అవీ చాలాసార్లు చుట్టాలవే.

నా దగ్గర జవాబు లేనివి

ధర తెలిశాక నా చూపు కూడా మారిందని ఒప్పుకోవాలి. మేడ మీది నీలం కాన్వాసు ముందు, ధర తెలియకముందు, కాసేపు హాయిగా నిలబడ్డాను. నాలుగు లక్షల చిల్లర అని తెలిశాక మళ్లీ వెళ్తే, ఆ నీలంలో నాలుగు లక్షలు ఎక్కడున్నాయా అని వెతుకుతున్నాను. యజమాని అన్నది అబద్ధం కాదు. అయితే ధర దాచినప్పుడు కూడా మా వదిన బొమ్మని పూర్తిగా చూడలేదు కదా. ఆమె మనసులో లక్ష అన్న అంకె అడ్డం కూర్చునే ఉంది. ఎలాగూ మధ్యలో ఒక అంకె ఉండబోతోంది. అది అసలుదే అయితే మేలు కదా అన్నది నా లెక్క. పెద్ద కాన్వాసు విషయంలో ఈ లెక్క అంత బలంగా నిలబడదు, తెలుసు.

ఇంకొకటి ఆ ఎచింగుల అమ్మాయి దగ్గర విన్నాను. నేను ఎంతో ఉత్సాహంగా నా వాదన చెప్తే, ఆమె తల అడ్డంగా ఊపింది.

“వద్దు మేడమ్. మా నాన్న వస్తారు ఆదివారం. కార్డు మీద ఎనిమిది వేలని చూస్తారు, కింద పది కాపీలని చూస్తారు, గోడ మీద బొమ్మలన్నీ లెక్కపెడతారు. ఆయన లెక్కల మాస్టారు. సోమవారం నుంచి నాకు సంబంధాలు చూడ్డం మొదలెడతారు, అమ్మాయికి లక్షల్లో ఆదాయమని.”

“అమ్ముడైనవాటికి ఎర్ర చుక్కలుంటాయిగా, అవే లెక్కపెట్టుకోమను,” అన్నాను.

“అవీ లెక్కపెడతారు మేడమ్. అప్పుడు బ్యాంకు కోచింగ్‌లో చేర్పిస్తారు.”

దీనికి నా దగ్గర సమాధానం లేదు. కళాకారుల సంపాదన గురించి ఇంట్లోవాళ్లకి ఉన్న అపోహలు ధర కనబడితే పోతాయో, పెరుగుతాయో చెప్పడం కష్టం. ఆమె భయం ఆమెది. ఆమె పేరు మీద వేలాడే కార్డు గురించి ఆమె మాటకి విలువ లేదనలేను.

అందుకని గోడ దగ్గర్నుంచి కొంచెం వెనక్కి తగ్గుతాను. చిత్రకారుడు వద్దంటే బొమ్మ పక్కన వద్దు. కానీ గుమ్మం దగ్గర, చెయ్యి చాపితే అందేచోట, జాబితా ఉండాలి. ఎవర్నీ అడగక్కర్లేకుండా, ఎవరి అరచెయ్యీ అడ్డం లేకుండా. ధర, పన్నుతో కలిపి మొత్తం, ఫ్రేము ఉందా లేదా, ఎన్ని కాపీల్లో ఎన్నోది. తెలుగులో కూడా. లోపలికి రావడానికి డబ్బు కట్టక్కర్లేదని గేటు మీద ఒక ముక్క. వాచ్‌మన్‌కి కూడా ఒక మాట.

ఇదంతా ఆ యజమానికి మెసేజ్ పెట్టాను, ఇంత పొడుగ్గా కాదు. “నోటెడ్ మేడమ్” అని బొటనవేలు బొమ్మతో జవాబు వచ్చింది. తర్వాత అరగంటకి ఇంకో మెసేజ్: వల ముసలాయన బొమ్మ ఇంకా ఉంది, మీ వదినగారికైతే ఏడు వేల రెండొందలకి ఇస్తాం, దయచేసి ఎవరికీ చెప్పకండి.